ఆరు నిమిషాల్లో ఇరవై ఏడో బోర్డు

ఆదివారం పొద్దున తొమ్మిదీ నలభై. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడింది. మీరు స్టీరింగు మీద వేళ్లు ఆడిస్తున్నారు. పక్క సీట్లో పెదనాన్న వాచీ వంక చూసి ఏమీ అనలేదు. పది గంటలకి ఆట మొదలు. ఆలస్యమైతే మందలింపుతో పోదు, పాయింట్లు కూడా కోస్తారు.

పచ్చలైటు. ఎక్కుతూ దిగుతూ పోయే రోడ్డు, కొండరాళ్లు తొలిచి కట్టిన మేడలు, వచ్చే శుక్రవారం విడుదలయ్యే సినిమా హోర్డింగు. ఫిల్మ్‌నగర్‌లోకి తిరుగుతారు. ముహూర్తం చూడకుండా ఇక్కడ మొదటి షాటు తీయరు. కొబ్బరికాయతో మొదలుపెట్టి గుమ్మడికాయతో ముగిస్తారు. కోట్ల రూపాయలు ఒక్క శుక్రవారం మీద పెట్టే మనుషులకి అదృష్టమంటే భయభక్తులు ఉండటం సహజమే. వాళ్ల క్లబ్బు, ఫిల్మ్‌నగర్ కల్చరల్ సెంటర్లోకే మీరిప్పుడు వెళ్తున్నారు. అఖిల భారత బ్రిడ్జ్ టోర్నమెంట్లు ఇక్కడ జరుగుతుంటాయి. ఈ రోజు ఆడబోయేది మీరు.

ఫోను ఆపేయండి. సైలెంటులో పెడితే చాలదు, పూర్తిగా ఆపేయాలి. ఒకటో నంబరు టేబులు మీది. నాలుగు కుర్చీలకి నాలుగు దిక్కుల పేర్లు. పెదనాన్న నార్త్‌లో కూర్చుంటారు. ఎదురుగా మీరు, సౌత్. మీ ఎడమచేతి వైపు వెస్ట్, కుడిచేతి వైపు ఈస్ట్. ప్రతి రౌండుకీ ఈస్ట్-వెస్ట్ జంట లేచి పై టేబులుకి పోతుంది, ఇంకో జంట వస్తుంది. మీరు మాత్రం కదలరు.

టేబులు మధ్యలో చేటంత లేదుగానీ అరచేతికి పెద్దదైన ప్లాస్టిక్ పలక ఒకటి పెట్టారు. దాన్ని బోర్డంటారు. దానికి నాలుగు జేబులు, ఒక్కో జేబులో పదమూడు ముక్కలు. మీ జేబులోవి తీయండి. తిప్పి చూడకండి, ముందు బోర్లా ఉంచే లెక్కపెట్టండి. రూలు అదే. పదమూడూ ఉన్నాయి. ఇప్పుడు విప్పండి.

చెత్త చెయ్యి. ఒక్క ఆసు లేదు, ఒక్క రాజు లేదు. పెద్ద ముక్కంటే ఒకే ఒక్క జాకీ.

కడుపులో ఏదో కిందికి జారుతుంది. ఇంత దూరం వచ్చింది దీని కోసమా? ముఖంలో ఏమీ కనిపించకూడదు కాబట్టి ముక్కలు జాతి ప్రకారం సర్దుకుంటారు. ఇస్పేట్లు ఒక పక్క, ఆఠీన్లు ఒక పక్క. పాస్ కార్డు తీసి టేబులు మీద పెడతారు. బిడ్ అంటే ఏ జాతితో ఎంత గెలుస్తామో ముందే చెప్పే మాట. ఇక్కడ దాన్ని నోటితో చెప్పరు. గొంతులో ఉత్సాహమో నీరసమో పార్ట్‌నర్‌కి వినబడిపోతుందని, పక్కనున్న పెట్టెలోంచి అచ్చేసిన కార్డు తీసి పెడతారు.

ఆట అయ్యాక మీ చెయ్యి ఒక గమ్మత్తయిన పని చేస్తుంది. అలవాటు కొద్దీ ముక్కలన్నీ కలిపెయ్యబోతుంది. ఆగండి! కలపకూడదు. మీరు వేసిన ప్రతి ముక్కా మీ ముందే బోర్లా వరసగా ఉంది. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక ట్రిక్కు. మీ జంట గెలిచిన ట్రిక్కుకి నిలువుగా, ఓడినదానికి అడ్డంగా. ఆ పదమూడూ ఏరి మళ్లీ అదే జేబులో పెట్టాలి. ఎందుకంటే ఈ బోర్డు ఇప్పుడు పక్క టేబులుకి పోతుంది. అక్కడ సౌత్‌లో కూర్చున్నవాళ్లకీ ఇదే చెత్త చెయ్యి. ఆ తరవాతి టేబులుకీ ఇదే. తొమ్మిది టేబుళ్లు, తొమ్మిది సౌత్‌లు, ఒకే దరిద్రం. మీ స్కోరుని ఎదురుగా ఉన్న జంటతో పోల్చరు. ఇవే ముక్కలతో మిగతా ఎనిమిది టేబుళ్లలో నార్త్-సౌత్ జంటలు ఏం సాధించాయో వాటితో పోలుస్తారు. మీకంటే తక్కువ తెచ్చుకున్న ప్రతి జంటకీ మీకో పాయింటు, సమానంగా తెచ్చుకున్న జంటకి అర.

52 ముక్కల పేకలోంచి ఒక మనిషికి పడగల చేతులు 63,501 కోట్లకు పైనే. అందులో ఏది పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. కానీ ఏది పడ్డా అది తొమ్మిది మందికీ పడుతుంది. పంపకంలోని అదృష్టాన్ని ఇంత శుభ్రంగా ఊడ్చిపారేసే ఏర్పాటు పేకాటల్లో నాకు ఇంకోటి తెలీదు.

అంటే ఈ హాల్లో అదృష్టం లేనట్టేనా? ఉంది. ఆఖరి రౌండు దాకా ఆగండి.

*

ఆరు రౌండ్లయ్యాయి. విరామం. టీ కప్పుతో బయట నీడలో నిలబడతారు. గోడ మీది స్కోర్లలో మీ జంట నార్త్-సౌత్ వరసలో మూడోది. మొదటి రెండు జంటలకీ మీకూ తేడా చాలా తక్కువ. ఆ అంకె చూశాక టీ రుచి తెలియదు.

"స్కోరు చూడకు నాన్నా. చూస్తే ఆట మారిపోతుంది," అంటారు పెదనాన్న.

ఆయనకి డెబ్బై దాటింది. బ్యాంకు ఉద్యోగంలో ఉండగా మధ్యాహ్నం లంచి గంటలో నేర్చుకున్న ఆట ఇది. ఆ రోజుల్లో ఇంట్లో పేక కనబడితే నాయనమ్మ పొయ్యిలో వేసేదట. మన ఇళ్లలో పేకాటంటే కొంపలు ముంచేదనే కదా లెక్క! ఆ భయం ఊరికే రాలేదు. మూడుముక్కలాటలో పొలాలు పోగొట్టుకున్నవాళ్లు మనకి తెలుసు. ఆన్‌లైన్ రమ్మీలో అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలూ చదివాం. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అది సరైన పనేనని నా నమ్మకం.

కానీ అదృష్టానికీ నేర్పుకీ మధ్య గీత ఎక్కడుందని సుప్రీంకోర్టు తేల్చి చెప్పిన కేసు కూడా ఈ ఊరిదే. సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడేవాళ్లని పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణల మధ్య నడిచిన ఆ కేసుని లాయర్లు ఈనాటికీ 1968 తీర్పుగా చెబుతారు. మూడుముక్కలాట పూర్తిగా అదృష్టం. రమ్మీలో పడిపోయిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో నేర్పుండాలి, అందులో అదృష్టం పాలు బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండేపాటిదే అంది కోర్టు. పోలికకి న్యాయమూర్తులు ఎంచుకున్నది మీరిప్పుడు ఆడుతున్న ఆటనే. మీ టేబులు మీద పందెం రూపాయి కూడా లేదు.

"డాలస్‌లో మా మనవడు మ్యాజిక్ ఆడతాడు, తెలుసా?" అంటారు పెదనాన్న ఉన్నట్టుండి. "బొమ్మల కార్డులు. ఎవరి పేక వాళ్లే కూర్చుకుని తెచ్చుకుంటారు. రౌండుకి 50 నిమిషాలు. టైము అయిపోతే ఇంకో ఐదు టర్నులు, అంతే. తేలకపోతే డ్రా. మొన్న ఫోన్లో ఒకటే ఏడుపు. తాతా, నేను గెలిచే ఆట, ఎదుటివాడు నానబెట్టి నానబెట్టి డ్రా చేశాడని."

మ్యాజిక్ ద గ్యాదరింగ్ ఆటని 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితం చదివినాయన తయారుచేశాడు. అందులో మంత్రం వెయ్యాలంటే ముందు భూమి కార్డులు చేతికి రావాలి. అవి రాకపోతే ఎంత తెలివైనవాడైనా చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే. అందుకే మూడింట రెండు గెలవాలని పెడతారు, ఒక్క ఆట దురదృష్టం మొత్తాన్ని ముంచకుండా. కానీ మూడు ఆటలు పెడితే సమయం చాలదు. అదృష్టాన్ని తగ్గించాలంటే ఎక్కువ ఆడాలి, ఎక్కువ ఆడాలంటే గడియారం ఒప్పుకోదు. డాలస్‌లో ఆ కుర్రాడికి వచ్చిన కష్టమూ, ఇంకాసేపట్లో మీకు రాబోయే కష్టమూ ఒక్కటే. చదరంగంలో ఎవరి గడియారం వాళ్లది. ఇక్కడ టేబులంతటికీ ఒకటే గడియారం. ఎదుటివాళ్లు తినేసేది మీ సమయాన్ని కూడా.

గంట మోగింది. కప్పు పెట్టేయండి.

*

తొమ్మిదో రౌండు. ఆఖరిది. హాలు ముందున్న తెర మీద 22:00 అని పడి, అంకెలు వెనక్కి నడవడం మొదలైంది. 25, 26, 27 నంబర్ల బోర్డులు. బోర్డుకి ఏడు నిమిషాల పైచిలుకు.

వచ్చిన జంట చెన్నై నుంచి. ఈస్ట్‌లో కుర్రాడు, చకచకా ఆడతాడు. వెస్ట్‌లో యాభై దాటినాయన, కళ్లజోడు నుదుటి మీదికి తోసి ప్రతి ముక్కకీ ఆలోచిస్తాడు. మోసమేమీ లేదు, ఆయన పద్ధతే అది. ఇరవై అయిదో బోర్డుకి తొమ్మిది నిమిషాలు పోయాయి. మీకు అరికాళ్లలో చెమట పడుతోంది.

ఇరవై ఆరు. వాళ్ల బిడ్ మూడు ఆఠీన్ల దాకా వచ్చింది. పెదనాన్న వంతు. ఆయన పెట్టె మీద చెయ్యి పెట్టారు. తీశారు. మళ్లీ పెట్టారు. పది సెకన్లు. ఇరవై. ముప్పై. చివరికి పాస్ కార్డు.

ఈస్ట్ పాస్. మీ వంతు.

మీ చేతిలో ఇస్పేట్లు బాగానే ఉన్నాయి. మూడు ఇస్పేట్లు అనచ్చు. ఇందాకటి దాకా అది సాహసం. ఇప్పుడు కాదు, ఎందుకంటే పెదనాన్న అంతసేపు తటపటాయించారంటే ఆయన దగ్గర సరుకుంది. మీకా సంగతి తెలిసిపోయింది. ఆయన కార్డు చెప్పలేదు, ఆయన తీసుకున్న సమయం చెప్పింది.

దాన్ని వాడుకోకూడదు. బ్రిడ్జ్ చట్టాల్లో ఇది చాలా కఠినమైన మాట. ఎదుటివాళ్ల తటపటాయింపు నుంచి మీరేమైనా ఊహించుకోండి, తప్పయితే నష్టం మీదే. పార్ట్‌నర్ తటపటాయింపు నుంచి మాత్రం వీసమెత్తు లాభం పొందకూడదు. పాస్ చెయ్యడం కూడా సబబైన దారే అయినప్పుడు, ఆ ఆలస్యం చూపించిన దారిలో మీరు నడవకూడదు.

ఎవరూ మిమ్మల్ని చూడటం లేదు. బిడ్ చేసినా, నేనెలాగూ చేసేదాన్నేనని సమర్థించుకోవచ్చు. మీ చెయ్యి పెట్టె మీద ఉంది. పెదనాన్న మీ వైపు చూడకుండా టేబులు గుడ్డ వైపు చూస్తున్నారు.

పాస్.

వాళ్లు తొమ్మిది ట్రిక్కులు సరిగ్గా చేసుకున్నారు. వాళ్లకి 140. ముక్కలు జేబుల్లో పెడుతుంటే మీకు అర్థమవుతుంది, మూడు ఇస్పేట్లు ఆడితే మీకు వచ్చేవి. పెదనాన్న ఏమీ అనలేదు. తల మాత్రం చిన్నగా ఊపారు. దానికి ఏ స్కోరుపట్టీలోనూ గడి లేదు.

తెర మీద 6:04.

డైరెక్టరు మీ టేబులు దగ్గరికి వచ్చారు. ఆట నడిపించేదీ, తీర్పు చెప్పేదీ ఆవిడే. "ఆరు నిమిషాలుంది. మొదలుపెట్టండి. గంట కొట్టేసరికి అయిపోవాలి."

కాకపోతే? ఆలస్యం ఎవరిదని తేలితే వాళ్ల స్కోరులో కోత. ఎవరిదో తేలకపోతే రెండు జంటలకీ. ఆడలేకపోయిన బోర్డుకి తప్పు మీదైతే నలభై శాతం, వాళ్లదైతే అరవై, సగం సగమైతే యాభై. మూడో స్థానంలో ఉన్నవాళ్లకి నలభై శాతమంటే ఇంటికి పొమ్మనే.

ఇరవై ఏడు. ముక్కలు లెక్కపెట్టండి. పదమూడు.

మంచి చెయ్యి! ఇస్పేటు ఆసు, రాణి, జాకీ, పది, ఐదు. ఆఠీను రాజు, ఏడు, మూడు. డైమండు రాజు, జాకీ, నాలుగు. కళావరు ఎనిమిది, రెండు. మొదటి బిడ్ మీదే. ఒక ఇస్పేటు. వెస్ట్ ఆలోచించి రెండు కళావర్లు. పెదనాన్న ఎర్రటి స్టాప్ కార్డు పెట్టి మూడు ఇస్పేట్లకి ఎగిరారు. ఎగిరినప్పుడు తరవాతివాళ్లు పది సెకన్లు ఆగి తీరాలి, ఆలోచించేది ఉన్నా లేకున్నా ఒకేలా కనబడటానికి. కుర్రాడు ఆగాడు. ఆ పది సెకన్లు మీ గుండెలో కొట్టుకున్నాయి. పాస్. మీరు నాలుగు ఇస్పేట్లు. అందరూ పాస్.

ఇస్పేటు తురుఫు, అంటే మిగతా జాతుల్ని కొట్టే జాతి. పదమూడు ట్రిక్కుల్లో పది మీరు గెలవాలి. మూడు పోతే ఫరవాలేదు. నాలుగో ట్రిక్కు పోతే మునిగినట్టే.

వెస్ట్ కళావరు ఆసు వేశాడు. పెదనాన్న తన పదమూడు ముక్కలూ టేబులు మీద విప్పి పరిచారు. ఇక ఆయన డమ్మీ. ఆయన ముక్కలు కూడా మీరే ఆడతారు, ఆయన నోరు విప్పకూడదు. ఇస్పేటు రాజు, తొమ్మిది, ఎనిమిది, మూడు. ఆఠీను ఆసు, ఆరు, రెండు. డైమండు ఆసు, పది, ఐదు. కళావరు ఏడు, నాలుగు, మూడు.

4:50.

వెంటనే ముక్క వెయ్యాలని చెయ్యి పీకుతోంది. వెయ్యకండి. లెక్కపెట్టండి.

కళావర్లలో రెండు పోతాయి. ఆఠీన్లలో ఆసు, రాజు గెలుస్తాయి, మూడోది పోతుంది. మూడు. ఇక డైమండ్లు. ఆసు అటు, రాజు, జాకీ ఇటు, పది అటు. లేనిది రాణి. రాణి వెస్ట్ దగ్గరుంటే మీ చేతిలోంచి చిన్నది ఆడి డమ్మీలోంచి పది వెయ్యాలి. ఈస్ట్ దగ్గరుంటే డమ్మీలోంచి చిన్నది ఆడి మీ జాకీ వెయ్యాలి. సరిగ్గా పట్టుకుంటే పది ట్రిక్కులు. తప్పితే తొమ్మిది.

అటా, ఇటా?

వెస్ట్ బిడ్ చేశాడు కాబట్టి పెద్ద ముక్కలు ఆయన దగ్గరే, రాణి కూడా అక్కడే అని ఒక బుద్ధి చెబుతుంది. ఆయన దగ్గర కళావర్లు ఐదుంటే డైమండ్లకి చోటు తక్కువ, కాబట్టి రాణి కుర్రాడి దగ్గర ఉండే అవకాశమే ఎక్కువ అని ఇంకో బుద్ధి. రెండూ నిజమైన లెక్కలే. రెండూ కలిపినా చివరికి నాణెం ఎగరేయడమే.

పొద్దున అడిగిన అదృష్టం ఇదే. పంపకంలోంచి ఊడ్చేస్తే డైమండు రాణి రూపంలో వచ్చి కూర్చుంది. ఈ హాల్లో తొమ్మిది మంది సౌత్‌లు ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగారు. టైము తక్కువున్నవాళ్లు ఏదో ఒక వైపు లాగేసి ఉంటారు. మీకూ టైము తక్కువే.

4:10. డమ్మీ కుర్చీలో పెదనాన్న కళ్లు మూసుకున్నారు.

ఆగండి. రాణి ఎక్కడుందో మీరెందుకు చెప్పాలి? వాళ్ల చేతే చెప్పించలేరా?

మళ్లీ చూడండి. మీరు ఎలాగూ వదులుకోవాల్సిన ఆఠీను ఒకటుంది. దాన్ని ఎప్పుడు వదులుతారన్నది మీ ఇష్టం. వాళ్ల తురుఫులు అయిపోయాక వదలండి. మీ రెండు చేతుల్లోనూ కళావర్లు అయిపోయాక వదలండి. ఆఠీన్లు కూడా అయిపోవాలి. అప్పుడు ఆ ట్రిక్కు గెలిచినవాడు ఏం ఆడతాడు? కళావరో ఆఠీనో ఆడితే ఒక చేత్తో తురుఫు కొట్టి, ఇంకో చేతిలోంచి డైమండు పారేస్తారు. డైమండు ఆడితే రాణి తనంతట తనే వలలో పడుతుంది. ఏది ఆడినా మీదే.

ఒంట్లోంచి ఏదో వేడి పైకి వచ్చింది. అటా ఇటా అన్న ప్రశ్నే లేదు. తురుఫులు నాలుగూ ఒకరి దగ్గరే లేకపోతే చాలు. బయట నాలుగుంటే రెండు-రెండుగా పడటం నూటికి నలభై సార్లు, మూడు-ఒకటిగా దాదాపు యాభై. నాలుగూ ఒక చోటే ఉండటం పదికి లోపు.

3:40. ఆడండి.

డమ్మీలోంచి చిన్న కళావరు. వెస్ట్ కళావరు రాజు వేశాడు. రెండు పోయాయి. మళ్లీ కళ్లజోడు పైకి తోశాడు. 3:05. తురుఫు ఆడాడు. మీ ఆసు. ఐదు వేసి డమ్మీ రాజుతో గెలిచారు. ఇద్దరూ రెండుసార్లూ ఇస్పేటే వేశారు. రెండు-రెండు. బయట తురుఫు లేదు.

2:40. డమ్మీలో మిగిలిన కళావరు. మీ పదితో కొట్టారు. కళావర్లు అయిపోయాయి. ఆఠీను రాజు. మూడు వేసి డమ్మీ ఆసు.

2:15. ఇప్పుడు. డమ్మీలోంచి ఆఠీను ఆరు. కుర్రాడు పది వేశాడు. మీ ఏడు. వెస్ట్ రాణి.

గెలిచింది వెస్ట్.

ఆయన ముక్క వెయ్యబోయాడు. ఆగాడు. చేతిలో ఐదు ముక్కలు. కళ్లజోడు కిందికి లాక్కున్నాడు. డమ్మీ వైపు చూశాడు. మీ వైపు చూశాడు. ఆయనకి తెలిసింది.

1:50.

కదలకండి. ముక్కలు సర్దకండి. ఊపిరి మామూలుగా తీసుకోండి.

1:30. కుర్రాడు కుర్చీలో కదిలాడు.

1:10. హాల్లో మిగతా టేబుళ్లు లేస్తున్నాయి. కుర్చీలు గీసుకుంటున్న చప్పుడు. డైరెక్టరు రెండు టేబుళ్ల అవతల నిలబడి మిమ్మల్నే చూస్తోంది.

0:55. తొందరపెట్టే హక్కు మీకు లేదు. ఆయన నిజంగానే ఆలోచిస్తున్నాడు.

0:48. డైమండు మూడు.

డమ్మీ ఐదు. కుర్రాడు తొమ్మిది. మీ జాకీ.

గెలిచింది!

ఆసు, రాజు, రెండు తురుఫులు. మిగతావన్నీ విప్పి చూపించారు. వెస్ట్ తల ఊపి తన ముక్కలు పరిచాడు. డైమండు రాణి అందులోనే ఉంది. పది ట్రిక్కులు. స్కోరు యంత్రంలో పెదనాన్న 420 కొట్టారు, కుర్రాడు సరేనని నొక్కాడు.

0:16.

"చక్కగా ఆడారు," అన్నాడు వెస్ట్ ఇంగ్లీషులో, లేచి చెయ్యి చాపుతూ. ఆ చెయ్యి మనస్ఫూర్తిగా పట్టుకోండి. మీ టైములో సగం తిన్నదీ ఆయనే, చివర్లో గౌరవంగా ఓడిందీ ఆయనే.

*

పది నిమిషాల్లో గోడ మీద కాగితాలు అంటించారు. ఇరవై ఏడో బోర్డు వరస వెతుక్కుంటారు. తొమ్మిది టేబుళ్లలో నలుగురు నాలుగు ఇస్పేట్లు చేశారు, మీతో కలిపి. నలుగురు ఒక ట్రిక్కు తక్కువై మునిగారు. ఒకరు మూడు ఇస్పేట్ల దగ్గరే ఆగిపోయి 170 తెచ్చుకున్నారు. మీరు ఐదు జంటల కంటే పైన, ముగ్గురితో సమానం. ఎనిమిదికి ఆరున్నర.

ఆ ముగ్గురిలో ఒకావిడ మీ పక్కనే నిలబడి ఉంది. "డైమండు రాణి మీరెలా పట్టారండీ?" అని ఆవిడని మీరు అడుగుతారు.

"ఏముంది, గెస్ చేశాను. టైమెక్కడిది?" అని నవ్వింది.

ఆవిడకీ ఆరున్నరే. స్కోరు ఎలా వచ్చిందో కాగితం అడగదు. ఒక్క బోర్డులో నేర్పూ అదృష్టమూ ఒకే అంకె వేసుకుని పక్కపక్కనే నిలబడగలవు. ఇరవై ఏడు బోర్డులు పెట్టింది అందుకే. నాణెం ఎగరేసేవాళ్లకి కొన్ని పడతాయి, కొన్ని పోతాయి. మీ పద్ధతికి రాణి ఎక్కడున్నా ఒకటే. మొత్తం మీద మీ జంట రెండోది. మొదటి స్థానానికీ మీకూ మధ్య తేడా ఇరవై ఆరో బోర్డులో మీరు వదులుకున్న దానికంటే తక్కువ. పెదనాన్న ఆ కాగితం చూశారు. "ఇంకోసారి ఆడినా పాసే చెయ్యి నాన్నా," అన్నారు.

2018లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బ్రిడ్జిని మొదటిసారి పెట్టారు. పురుషుల జంటల్లో స్వర్ణం మనదే. ప్రణబ్ బర్ధన్‌కి అప్పుడు 60 ఏళ్లు, శిబ్‌నాథ్ సర్కార్‌కి 56. కాబట్టి వయసు మించిపోయిందని అనుకోకండి.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఇంట్లో పేక తీయండి. పైన చెప్పిన సౌత్ ముక్కలు ఒక పక్క, నార్త్ ముక్కలు ఎదురుగా పరవండి. మిగతా ఇరవై ఆరూ మీ ఇష్టమొచ్చినట్టు రెండు వాటాలు చేయండి, ఇస్పేట్లు మాత్రం చెరో రెండు పడేలా చూసుకుంటే చాలు. డైమండు రాణిని ఒకసారి వెస్ట్‌కి ఇవ్వండి, ఒకసారి ఈస్ట్‌కి. వాళ్లు రెండు కళావర్లు లాక్కుని తురుఫు ఆడారనుకుని, మీరు ఆడిన వరసలోనే ఆడండి. రెండుసార్లూ పది ట్రిక్కులే వస్తాయి.